ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం

ఇవాళ పొద్దున చదువుకునే బల్ల మీద ఎవరో మరిచిపోయిన ఫోన్ మోగింది. మోగడమంటే పాట వినబడటం కాదు. లైబ్రరీలో ఫోన్లన్నీ సైలెంట్‌లోనే ఉండాలి కాబట్టి చెక్క మీద గుర్రుగుర్రుమని వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. ఇన్నిసార్లు చేస్తున్నారంటే అవతల ఏదో ముంచుకొచ్చినట్టే కదా అని భయపడి, కౌంటర్లో కూర్చున్న నేను అది ఎవరిదో వెతకడానికి పరుగెత్తాను. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నాగరత్నం మేడం దగ్గర అంటుకుంది.

మస్కట్‌లో మా యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటరుకు అప్పట్లో ఆవిడ సూపర్వైజరు. కడప జిల్లా మనిషి. నేనేమో అమలాపురం నుంచి మా ఆయన వెంట వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక అక్కడ చేరాను. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. మొదటిరోజే ఆవిడ కూర్చోబెట్టి రూల్స్ చెప్పింది. తిండి లోపలికి తేకూడదు, ఒకరి కార్డు ఇంకొకరు వాడకూడదు, రిఫరెన్స్ పుస్తకం బయటికి పోకూడదు. ఇలాంటివి ఒకసారి చూసీచూడనట్టు పోయినా కొంప మునగదట.

“ఒగటి మాత్రం తప్పగూడదు పాపా. లోపల ఎవురుండారు, ఎప్పుడొచ్చినారు, ఏం చదువుతాండారు, ఎవురడిగినా చెప్పగూడదు. అమ్మ అడిగినా, నాయన అడిగినా అంతే.”

“ఇదేమన్నా మిలిటరీ రహస్యమా మేడం?” అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పెద్ద చాదస్తపు మనిషి చేతిలో పడ్డానురా భగవంతుడా అనుకున్నాను.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం, సైట్ మీద నుంచి నేరుగా వచ్చినట్టు బూట్ల నిండా దుమ్ముతో ఒక పెద్దమనిషి కౌంటరు దగ్గరికి వచ్చాడు. నా మెడలో కార్డు మీద పేరు చదివాడు.

“చెల్లె, తెలుగోళ్లేనా? మాది జగిత్యాల దిక్కు. మస్కట్‌లనే ఘాలా ఏరియాల ఒక కంపెనీల సూపర్వైజర్‌ను. మా బిడ్డ శ్రావణి ఈడనే సదువుతది. ఫోన్ ఎత్తుతలేదు. వాళ్లమ్మకు పానం బాగలేదు, దవాఖానల ఉన్నది. లోపట ఉన్నదా లేదా, గంతే చెప్పు.”

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఫోన్ ఎత్తకపోవడానికి కారణం మా రూలే. నా స్క్రీన్ మీద ఉంది: ఆ అమ్మాయి పొద్దున్నే గేటు దగ్గర కార్డు పెట్టి లోపలికి వెళ్ళింది, ఇంకా బయటికి రాలేదు. ఒక్క మాట. దేశం కాని దేశంలో మన భాషలో ఏడుస్తున్న మనిషికి ఆ ఒక్క మాట చెప్పకపోతే మనం మనుషులమేనా? నేను నోరు తెరిచేలోపే మేడం వచ్చి నా పక్కన నిలబడింది.

“ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం అన్నా. మా రూల్ అది. నువ్వు ఆ కుర్చీలో కూసో. నీళ్ళు తాగు.”

“నీకు పిల్లలు లేరా అమ్మా?” అన్నాడాయన.

మేడం నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఆ క్షణంలో ఆవిడంటే నాకు అసహ్యం వేసింది, దాచుకోను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తలుపు దాటిందో లేదో, మోకాళ్ళ నొప్పులావిడ, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లమీద పరుగు లంకించుకుంది. వెనకాల నేను.

శ్రావణి పై అంతస్తులో బీరువాల చాటున చదువుకుంటోంది. మేడం ఆయాసపడుతూనే వంగి చెవిలో చెప్పింది. “మీ నాయన కింద ఉండాడు. మీ అమ్మకు బాగలేదంటాండాడు. నువ్వీడ ఉండావని మేం చెప్పలే. పోయేదీ పోనిదీ నీ ఇష్టం.”

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి మా వైపు చూసింది. “ఈన్నే మాట్లాడు, పర్లేదు,” అంది మేడం. తల్లి వెంటనే ఎత్తింది. ఆ నిశ్శబ్దంలో మాకూ వినబడింది. “నాకేమైంది బిడ్డా? ఇంట్లనే ఉన్న. పెట్టెలు సదురుతున్న.”

శ్రావణి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. తండ్రి ఉద్యోగం పోయిందట. వీసా రద్దవుతోంది. ఆమె వీసా ఆయన మీదే ఉంది. అందరూ ఊరికి పోదామన్నాడు, ఈమె రానంది. “ఆఖరి పరీక్షలు మేడం. ఇప్పుడు పోతే ఇన్నేండ్ల సదువు గంగల కలుస్తది. నేను లేనని చెప్పండి.”

“అబద్ధం చెప్పను. ఉండావనీ చెప్పను,” అంది మేడం. విద్యార్థుల బాగోగులు చూసే ఒమానీ ఆఫీసరమ్మకు ఫోన్ చేసింది. ఆవిడ ఎదురుగా అయితే తండ్రితో మాట్లాడతానని శ్రావణి ఒప్పుకున్నాకే, మేడం ఆయన్ని ఆ ఆఫీసుకు పంపింది. యూనివర్సిటీయే ఆమె వీసా తన మీదికి తీసుకోవచ్చని అక్కడ తేలింది. పాపం, తండ్రికి ఆ సంగతే తెలియదు. వీసా అయిపోతే పిల్లను పోలీసులు పట్టుకుపోతారేమోనన్న బెంగతో అంత అబద్ధమాడాడు.

సాయంత్రం మేడం టీ తెచ్చి నా ముందు పెట్టింది. “ఈ సూపర్వైజరమ్మకు గుండె లేదనుకుంటివి కదా?” అంది. నేను తల దించుకున్నాను. “నిజంగానే వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉండుంటే? ప్రతిసారీ ఇదే భయం పాపా. అందుకే పరుగెత్తేది. రూల్ తప్పను. కబురు చేర్చేదాంట్లో ఆలస్యం చేయను.”

ఊరికి బయలుదేరే ముందు ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పోట్లాటకొచ్చాడేమోనని నేను కుర్చీలోంచి లేచాను. ఆయన నేరుగా వెళ్ళి మేడం ముందు నిలబడ్డాడు.

“ఆనాడు మీ మీద మస్తు కోపమొచ్చింది. రేపటి సంది ఈడ నా బిడ్డ ఒక్కతే ఉంటది. ఆమె యాడున్నదని ఎవరన్న వచ్చి అడిగితె, తెలుగోళ్లయినా సరే, నాకు చెప్పనట్టే చెప్పకుండ్రి.”

మేడం రెండు చేతులూ జోడించింది. శ్రావణి చదువు ముగించింది. మేడం రిటైరై ప్రొద్దుటూరు వెళ్ళిపోయింది. ఆ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. పైన చదువుకుంటున్న ఆడపిల్లల్లో ఎవరి తండ్రి ఏ ఊళ్ళో కూర్చుని, ఇక్కడ ముఖం కూడా తెలియని నన్ను నమ్ముకుని ఉన్నాడో, నాకు తెలియదు.