కోడిపిల్ల ఎత్తున కూర్చుంటే: పరకాల దారిలో ఒక రోజు

ఈ మధ్య వరంగల్ చుట్టుపక్కల ఫారం కోళ్ల షెడ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాటికి ఇంజెక్షన్లిచ్చి పెంచుతున్నారని హన్మకొండ హోటల్లో ఎవరో అనగానే నాకు ఒళ్లు మండింది. అక్కడే కూర్చుని కరపత్రం రాసేశాను. పక్కన టీ తాగుతున్న పశువుల డాక్టరు, నా పాత స్నేహితుడు, అది చదివి నవ్వాడు. "ఒక్క షెడ్డన్నా చూసినవా? రేపు పరకాల దిక్కు పోతాన్న, రా." అంత మాటన్నాక ఆగుతానా?

పొద్దున ఏడింటికి బస్సెక్కాం. టికెట్టు మూడు రూపాయలు, ప్రయాణం గంటన్నర. దారి పొడవునా వాదిస్తూనే ఉన్నాను. కండక్టరు విసిగిపోయి, "సారూ, కోళ్ల ముచ్చట బందువెట్టి జర లోపటికి జరుగుండ్రి" అన్నాడు. పరకాల రెండు మైళ్లుందనగా దిగి, పత్తి చేల మధ్య ఇరవై నిమిషాలు నడిచాం.

షెడ్డు జైనబీది, ఆమె భర్త ఖాసీంది. మూడు వందల పిల్లలు. రోగాలు లోపలికి రాకుండా గుమ్మం దగ్గర సున్నంపొడి తొక్కించి గాని జైనబీ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నేను మూలమూలా వెతికాను. నేలంతా పరిచిన ఊక, దాణా బస్తాలు, నీళ్ల గిన్నెలు.

"ఏం దేవులాడుతానవ్ సారూ?"

"పెరిగే ఇంజెక్షన్లు."

ఆమె ముఖం వెలిగింది. "తెచ్చిండ్రా?"

ఐదు వారాల ఆ పిల్లల్లో ఓ ఇరవై మాత్రం పిడికిలంతే ఉన్నాయి. సాయంత్రం ఖాసీం వాటిని పరకాల తీసుకుపోయి అగ్గువకు, వచ్చినకాడికి అమ్మేస్తాడట. "దాణా దండగ అంటాండు. నా చేతుల పెరిగినయి డాక్టర్ సాబ్, జర సూదియ్యుండ్రి" అంటూ కొంగులోంచి ఒక పొట్టి పిల్లను తీసి ఇచ్చింది.

డాక్టరు దాని మెడ కిందున్న మేతసంచిని తడిమాడు. ఖాళీ. "నువ్వడిగే మందు దీని నెత్తురులనే ఉన్నదక్కా. కడుపు నిండిన దానికంటె దీంట్లనే ఎక్కువ."

నేను ఒప్పుకోలేదు. ఆయన విడమరిచాడు. మెదడు అడుగునున్న చిన్న గ్రంథి పెరుగుదల హార్మోనును వదులుతుంది. పైనుంచి ఒక సంకేతం వదలమంటుంది, మరొకటి ఆపమంటుంది. తిండి అందితే కాలేయం హార్మోనుకు బదులు పలికి, ఒళ్లు పెంచే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఆ పదార్థమే వెనక్కి వెళ్లి 'ఇక చాలు' అని చెబుతుంది. ఆకలిలో కాలేయం పలకదు. చాలనే మాట వెనక్కి రాదు. గ్రంథి వదులుతూనే ఉంటుంది, పిల్ల మాత్రం పెరగదు.

"అంటే తిండి లేకనేనా?" అన్నాను.

"లేకేంది? డబ్బాల నిండ పోసిన!" జైనబీకి కోపమొచ్చింది.

డాక్టరు ఊకలో కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. తాళ్లకు వేలాడుతున్న దాణా డబ్బాల అంచు పెద్ద పిల్లల వీపుల ఎత్తున ఉంది. చిన్నవి మెడలు సాచి, అందక, ఊకలో రాలిన గింజలు ఏరుకుంటున్నాయి. దాణా చిమ్మిపోకుండా, పిల్లలు ఎదిగేకొద్దీ డబ్బాను పైకి లాగడం అందరూ చేసేదే. కొంచెం వెనకబడినవి, తాడు లాగిన ప్రతిసారీ ఇంకా వెనకబడ్డాయి.

"అయ్యో, నా చేతులతోటే గుంజితి గదా!" జైనబీ కళ్లు నిండాయి.

"పెద్దవాటికి నువ్వు జేసింది కరెక్టే అక్కా. జబ్బుతోటి గూడ కొన్ని ఎదగయి. ముందు వీటికి తిండి అందనియ్యి, వారం చూద్దాం."

గోనెసంచులు అడ్డం కట్టి చిన్నవాటిని వేరు చేశాం. జైనబీ తాడు విప్పి ఒక డబ్బాను నేలకు దించింది. నాలుగింటికి ఖాసీం గంపతో వచ్చాడు. "ఏడున్నయే పొట్టియి?"

ఆమె గంప లాక్కుని బోర్లించి, దాని మీద కూర్చుంది. "ఇయ్యాల ఏడికి పోవు. తింటానయి, సప్పుడు జెయ్యకు."

"సూదేసిండ్రా సారూ?" అని ఖాసీం నన్నడిగాడు.

"లేదు, తాడు దించినం."

అతను వంగి చూశాడు. ఇంకో దోసెడు దాణా తెచ్చి పోశాడు.

తిరుగు బస్సులో కరపత్రం చించేశాను. మన బడుల్లో గిడసబారిన పిల్లల్ని చూపించి 'వాళ్ల రక్తమే అంత' అనే పెద్దమనుషులతో ఇన్నేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. వాళ్లకు ఇప్పుడు ఇంకో కరపత్రం రాయాలి. రక్తం ఎప్పటినుంచో పెరగమనే అంటోంది. తాడు ఎవరి ఎత్తు చూసి కట్టారయ్యా?

మీరు వెళ్తే పొద్దుటి బస్సుకే వెళ్లండి, సాయంత్రం ఐదున్నర దాటితే తిరుగు బస్సుకు భరోసా లేదు. షెడ్డులోకి వెళ్లాక తప్పకుండా నేల మీద కూర్చోండి. నిలబడి చూస్తే దాణా అన్నింటికీ అందుతున్నట్టే కనిపిస్తుంది.