సీతాకోక చేతులకు సోనామసూరి గంజి

జర్మనీలోని కొలోన్‌లో మా పక్కింటి ఫిలిపినో ఆవిడ, తమ దేశపు తొలితరం ఆధునిక ఆర్కిటెక్టులు, ఫ్యాషన్ డిజైనర్ల మీద ఎగ్జిబిషన్ పెట్టింది. ప్రారంభం నాడు ఆవిడ వేసుకోవాల్సిన గౌనుకు సీతాకోకచిలుక రెక్కల్లాంటి చేతులు. అవి కాస్తా ముందురోజు వానకు తడిసి వేలాడిపోయాయి. నేనుండగా దిగులెందుకని, అన్నం వార్చి, నేతచీరకు పెట్టినట్టే గంజి పెట్టాను.

ఆరాక అవి తలుపు రెక్కల్లా బిగుసుకున్నాయి. ఆవిణ్ణి పక్కకు తిప్పి ట్రామ్ ఎక్కించాను.

హాల్లో ఒక జర్మన్ పెద్దమనిషి ఆ గౌను చేతిని వేలితో తట్టి, "కాంక్రీటు ఎంత పల్చగా పోశారో!" అని మురిసిపోయి, ఆవిణ్ణి తీసుకెళ్ళి భవనాల నమూనాల మధ్య నిలబెట్టాడు. అది సోనామసూరి గంజిరా నాయనా అని ఎంత మొత్తుకున్నా వినడే!

ఒళ్ళు మండి మా అత్తగారికి వీడియో కాల్‌లో ఆ గౌను చేతులు చూపించాను. ఆవిడ పెదవి విరిచారు.

"గంజి పల్చనైపోయిందమ్మాయ్."