గోడ మీద రెండడుగుల జాగ

ఎయిర్‌పోర్టు దారి వెడల్పు చేసినప్పుడు శంషాబాద్‌లో మా బజారు వరుసంతా కూల్చేశారు. రెండేళ్ల తర్వాత పాల్మాకుల బస్సులో నా పక్కన కూర్చున్నాయన గోళ్ల నిండా రంగు. ఒళ్లో పెద్ద కాగితం, దాని మీద పెన్సిలుతో మా బజారు! వెడల్పైన దారి పక్కన కట్టిన కొత్త గోడ మీద బొమ్మ వెయ్యడానికి, తెలిసినవాళ్లను అడిగి గీసుకున్నాడట.

ఆత్రంగా వెతికాను. టైలర్ దుకాణం, దాన్ని ఆనుకునే చాయ్ హోటలు. నడుమ ఉండాల్సిన మా నాయిన కిరాణా లేదు.

"ఈ వరుస ఎవరు చెప్పిన్రన్నా?"

"టైలరన్న."

ఇంకేముంది! మా మిర్చి సంచి తన గడప ముందుకొచ్చిందని రోజూ కాలితో నెట్టే మనిషి, ఈసారి దుకాణాన్నే నెట్టేశాడు.

"గోడ మీద మాకు నాలుగడుగులు కావాలె."

"జాగ లేదు చెల్లె. ఒక్కడుగు ఇస్త."

"ఒక్కడుగుల మా నాయిన పొట్ట గూడ పట్టదు. మూడు."

"రెండు. ఇగ మాట్లాడకు."

"సరే, మిర్చి సంచి మాత్రం కొసరుగ ఊరికే వెయ్యాలె."

ఆయన బస్సంతా వినబడేలా నవ్వి, పెన్సిలు నా చేతికిచ్చాడు. "ఏడ పెడ్తవో నువ్వే పెట్టు."

సరిగ్గా టైలర్ గడప ముందు పెట్టాను.

బొమ్మ పూర్తయ్యాక నాయినను తీసుకెళ్లాను. టైలర్ అప్పటికే అక్కడ నిలబడి, గోడమీది సంచిని చెప్పుకాలితో నెట్టి చూస్తున్నాడు.

"ఇగ అది కదలదు బై!" అన్నాడు నాయిన, మురిసిపోతూ.

"అయితే జాగకు కిరాయి కట్టు. చాయ్ తాపియ్."

"సంచి పెట్టింది నా బిడ్డ. అదే తాపిస్తది."

అంత బేరమాడి, చివరికి ముగ్గురికీ చాయ్ నేనే తాపించాను.