తంగేడుకు మొదటి చోటు

ఈ ఉదయం వరాఛా వెళ్లే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ కొంగు సర్దుకోగానే గాజులు గలగలమన్నాయి. నాకు తెలియకుండానే "హమ్మయ్య, సంచి భద్రం" అనుకున్నాను. ఆవిడ ఒళ్లో సంచీ లేదు, గించీ లేదు. మేం తయారుచేసిన ఫోన్ ఆటలో, ఆడేవాళ్లు ఏరుకున్న పూలను ఆటలోని సంచిలో దాచుకున్న ప్రతిసారీ ఆ గలగలే వినిపిస్తుంది. అవి సుజాతక్క గాజులు. ఫోన్ ముందు పెట్టుకుని, బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నట్టే చప్పట్లు కొట్టి, తనే రికార్డు చేసింది. ఆ చప్పుడు ఎక్కడ విన్నా నాకు నవ్వొస్తుంది.

సుజాతక్క నా మొదటి బాసు. మా నాన్నలిద్దరూ మగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చినవాళ్లే. మేం ఉన్ అనే పేటలో, వాళ్లు అమ్రోలిలో. అమ్రోలిలోనే ఒక చీరల దుకాణం పైగది మా ఆఫీసు, అందులో ఉన్నది మేమిద్దరమే. నా సర్టిఫికెట్లు ఆమె తిరగేయనైనా లేదు. "బతుకమ్మ పేర్చుడు వస్తదా?" అని అడిగింది. వస్తుందన్నాను. "గంతే చాలు. మిగిలింది నేను నేర్పిస్త, కల్ సే ఆజా" అంది, రేపట్నుంచే రమ్మని. ఉద్యోగం అంత తేలిగ్గా వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు మరి.

నేర్పడం మాత్రం తేలిగ్గా ఉండేది కాదు. ఆట మూసినప్పుడు సంచిని దాచడం, తెరిచినప్పుడు తిరిగి ఇవ్వడం నాకు అప్పగించింది. నేను పాత సంచి మీదే కొత్తది రాసేలా చేసి గొప్పగా చూపించాను. ఆమె సరిగ్గా అది రాస్తున్నప్పుడే నా ఫోన్ టక్కున ఆపేసింది. మళ్లీ తెరిస్తే సంచి ఖాళీ.

"గిప్పుడేమాయె?"

"పాతదీ పాయె, కొత్తదీ పాయె అక్కా."

"కొత్త కుండ నిండినంకనే గదనే పాత కుండ వంచేది! నీళ్లెవరియి, మనయా?"

ఇంకో నియమం కూడా పెట్టింది. ఆటకు కొత్త రూపు ఇచ్చిన ప్రతిసారీ, అంతకుముందున్న సంచిని ముట్టుకోకుండా పక్కన పెట్టి ఉంచాలి. ఎందుకింత చాదస్తం అనుకున్నాను గాని, బాసు కదా, చేశాను.

ఆమెకు మరో పట్టుదల ఉండేది. చేత్తో పట్టుకుని చూడని పువ్వును ఆటలో గీయనిచ్చేది కాదు. బంతి, చామంతి ఇక్కడి మార్కెట్లోనే దొరికాయి. గునుగు ఎవరో తెచ్చిచ్చారు. తంగేడు మాత్రం దొరకలేదు. పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ దగ్గర పడ్డాక ఊరి నుంచి రైల్లో వచ్చినవాళ్లు ఒక కట్ట తెస్తే, చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. నేను బొమ్మ గీసి, పూల జాబితాలో చివర చేర్చబోయాను.

"ఓ పిల్లా! తంగేడును ఆఖర్ల కూసోబెడ్తవా? ఏ బతుకమ్మలనన్న సూసినవా? ముందల పెట్టు, ముందల!" అని తనే మొదటి వరుసలో పెట్టేసింది. నాకూ న్యాయంగానే తోచింది. ఆ రాత్రే ఆ కొత్త రూపును వాళ్లమ్మ ఫోన్‌లో వేసింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లమ్మ దగ్గర్నుంచి, అంటే నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ దగ్గర్నుంచి, కబురు. పక్క వీధిలోనే ఇల్లు. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ ఆ ఏడు ఊరికి పోలేకపోయింది. ఆటలోనే పూలు ఏరుకుని, సద్దుల నాడు తెర మీద బతుకమ్మను పేర్చి, ఊళ్లో ఉన్న చెల్లెలికి వీడియో కాల్‌లో చూపిస్తానని మాటిచ్చింది. ఆ సద్దులు తెల్లారితే. మేం వెళ్లేసరికి మంచం మీద ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏందే సుజాతా గిది? బంతంత తంగేడాయె, గునుగంత చామంతాయె! నా సంచి ఎవలు కలెవెట్టిండ్రు?"

సుజాతక్క నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. సంచిలో మేం పూల పేర్లు రాసుకోలేదు, జాబితాలో వాటి వరుస మాత్రమే రాసుకున్నాం. ఒకటి బంతి, రెండు చామంతి, మూడు గునుగు. తంగేడు వచ్చి మొదట కూర్చోగానే అందరూ ఒక్కో మెట్టు దిగిపోయారు, సంచిలో ఒకటి అని రాసి ఉన్న బంతులన్నీ తంగేడై కూర్చున్నాయి. సుజాతక్క నెత్తి కొట్టుకుని పకపకా నవ్వింది. "భక్తి ఎక్కువై బుద్ధి తక్కువైందే నాకు!"

"ఊకో అమ్మా, సంచి నిండ పూలు నేనే ఏస్త" అని సముదాయించబోయింది కూడా.

పెద్దమ్మ ఒప్పుకుంటేనా! "ఏరని తంగేడు నాకెందుకే? పూట పూట ఏరుకున్న. నాయి నాకియ్యి."

సుజాతక్క నవ్వు ఆగిపోయింది. "నిజమే అమ్మా, నీయి నీకే ఇస్తం" అంది. ఆ ఫోన్ తీసుకుని ఆఫీసుకు పరుగెత్తాం. అందులో పక్కన పెట్టిన పాత సంచి చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని పాత వరుస ప్రకారమే చదివించి, ప్రతి పువ్వునూ దాని సొంత పేరుతో కొత్త సంచిలో రాశాం. ఇక ఎవరు ఎక్కడ కూర్చున్నా పేరు మారదు. పొద్దు వాలకముందే పెద్దమ్మ ఫోన్‌లో గాజులు గలగలమన్నాయి. ఆమె కళ్లద్దాలు సర్దుకుని సంచంతా వెతికింది. "ఆ... గివీ నాయి" అంది. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం మొదటి జీతానికి కూడా కలగలేదు.

సుజాతక్క ఇప్పుడు పుణెలో ఉంది, ఆటను నాకు అప్పగించి వెళ్లింది. కొత్త పువ్వు చేర్చేటప్పుడల్లా ముందు పాత సంచుల్ని పక్కన పెడతాను. చేర్చడం ఎప్పుడూ చివరనే. మా జాబితాలో తంగేడు కూడా గునుగు తర్వాతే ఉంటుంది, తెర మీద మాత్రం అన్నిటికంటే ముందు అదే కనిపిస్తుంది. ఆ ఏడు సద్దుల నాడు, ఆ పొద్దున్నే ఆటలో తాను ఏరుకున్న తంగేడును పెద్దమ్మ మొట్టమొదట పేర్చింది. ఊళ్లోంచి చెల్లెలు ఫోన్‌లో "అక్కా, నువ్వు గీడనే ఉన్నట్టున్నదే!" అంటుంటే, మేమందరం చప్పట్లు కొట్టాం.