ఇసుక తిన్నె మీద నుంచి గాలిలోకి

మా ఆయన దుబాయ్ ఉద్యోగం ముగించుకుని వస్తూ పారామోటార్ తెచ్చుకున్నారు. వీపుకి తగిలించుకునే ఇంజను, దాని వెనక పెద్ద పంకా, గాల్లోకి లేచాక కూర్చోడానికి పట్టీల సీటు, తలపైన విచ్చుకునే గుడ్డ రెక్క. అంతే విమానం. అక్కడి ఎడారిలో ఎగరడమే కాదు, నేర్పడం కూడా నేర్చుకున్నారు. తీరా ఇక్కడ అనుమతులన్నీ వచ్చేసరికి ఆయన మోకాలు మొరాయించింది.

"పోనీ నువ్వు నేర్చుకుంటావా?" అన్నారు ఒకరోజు కాఫీ తాగుతూ.

అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే నేను, ఆయన మనసు మారకముందే "ఆయ్" అనేశాను.

గోదావరి ఇసుక తిన్నె మీద పాఠాలు మొదలయ్యాయి. ముందు ఇంజను లేకుండా, రెక్కని గాలిలో నిలబెట్టి పరిగెత్తడమే. గాలి నన్ను పైకి ఎత్తలేదు సరికదా, రెల్లుపొదల్లోకి ఈడ్చుకుపోయింది.

"కాళ్ళు లేచినా పరుగు ఆపకు. తొందరపడి కూర్చుంటే కూలబడతావు" అనేవారాయన. నేను తొందరపడేదాన్ని. కూలబడేదాన్ని.

"ఈ వయసులో ఇదేం పనమ్మా? కాలో చెయ్యో విరిగితేనో?" అంటూనే మా అత్తగారు టీ ఫ్లాస్కుతో వెంట వచ్చేవారు. మొదటిసారి ఇంజను తగిలించుకున్న రోజు నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన అందుకున్నారు. నాతో మొదలై, బంధువులందరినీ చుట్టి, ఊళ్ళో జ్వరాలవాళ్ళ దాకా వెళ్ళింది. ఆమేన్ అనేసరికి గాలి దిక్కు మారిపోయింది. రెక్కని మళ్ళీ అటు తిప్పి పరిచాం.

పరిగెత్తాను. ఇసుక కాళ్ళకి తగలడం మానేసింది. అయినా పరిగెడుతూనే ఉన్నాను.

"ఇంక కూర్చోవచ్చు" అన్నారాయన హెల్మెట్‌లోని రేడియోలో, నవ్వుతూ.

పుట్టిన దగ్గర్నుంచీ తల పైకెత్తి చూసిన కొబ్బరిచెట్లను మొదటిసారి పైనుంచి చూశాను. గట్టు మీద ఒక చెట్టెక్కి కాయలు దింపుతున్నాయన కత్తి ఉన్న చెయ్యి ఎత్తి ఊపాడు. నేనూ ఊపబోయి, చేతిలో బ్రేకు తాడుందని గుర్తొచ్చి ఆగాను. ఇంజను హోరులో ఎవరికీ వినబడదు కదా అని గట్టిగా నవ్వుకున్నాను.

దిగడం మాత్రం అంత అందంగా రాలేదు. పాదాలు తడిసేపాటి నీళ్ళలో చతికిలబడ్డాను. ఆయన మోకాలి సంగతి మరిచిపోయి పరిగెత్తుకొచ్చారు. వెనకాలే అత్తగారు.

"దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదండీ అత్తయ్యగారూ."

ఆవిడ కప్పులోకి టీ వంచారు. "అంత పైకెళ్ళేవు కదా, మన డాబా కనబడిందా? నీళ్ళ ట్యాంకు మూత ఉందా, మొన్నటి గాలికి ఎగిరిపోయిందా?"

"చూళ్ళేదండీ."

"సరేలే," అన్నారు కప్పు అందిస్తూ, "రేపు వెళ్ళినప్పుడు చూడు."