మనవడి తల కింద ఆవాల దిండు

నా కూతురు కాన్పుకు నా దగ్గరికే వచ్చింది. లింగాల ఘనపూర్ పక్కన మా ఊరు. మా ఆయన పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పత్తి ఏరే కూలి మానుకుని తల్లినీ పిల్లాడినీ చూసుకున్నాను. మనవడికి పుట్టిన నాటి నుంచే ఊపిరి తీస్తే గొంతులో గరగరమని చప్పుడు. పాలు తాగితే ఇంకా ఎక్కువ.

"పసిగుడ్డు గురక, పెద్దగైతే పోతది" అన్నది నేనే. ఊళ్లో ఎందరో పిల్లలకు నీళ్లు పోసిన చేతులు నావి. నా మాట కాదనేదెవరు?

వాడు ఎప్పుడూ తల వెనక్కి విరిచి పడుకునేవాడు. తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి దిండు కుట్టాను. వాడు విరిచినప్పుడల్లా గడ్డం ఛాతీకి ఆనేటట్టు తల సర్ది దిండు మీద పెట్టేదాన్ని. చప్పుడు పెరిగేది. కఫం అనుకున్నాను.

రెండో నెలలో ఒక పొద్దున పాలు తాగుతూ నీలంగా మారిపోయాడు.

"పొట్ట మీద సురుకు పెడదాం, సూది కాల్చుకొస్త" అంది పక్కింటి అక్క.

"నా కొడుకును ముట్టకు!" అని కూతురు అరిచింది.

ఆటో ఎక్కి జనగామ దారి పట్టాము. ఒళ్లో దిండు, దాని మీద తల నిలబెట్టి పట్టుకున్నాను. ఊపిరికోసారి వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి. ఒక గుంతలో ఆటో ఎగిరింది, దిండు జారిపడింది. వాడి తల నా మోచేతి మీదుగా వెనక్కి వాలింది.

"అవ్వా, మెడ ఏలాడుతుంది, సక్కగ పట్టు!" అని అరిచింది కూతురు.

"ఆగు బిడ్డా. జర ఇను."

గాలి లోపలికి పోతోంది. పెదవుల నీలం కొంచెం వదిలింది. జనగామ దాకా చెయ్యి తిమ్మిరెక్కినా కదల్చలేదు.

అక్కడి దవాఖాన నుంచి హైదరాబాద్ పంపారు. స్కానింగ్ తీసి చెప్పారు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఒక్కటే ఉండాలట. వీడికి రెండుగా చీలి ఊపిరి గొట్టాన్నీ అన్నం గొట్టాన్నీ చుట్టుకుందట. పుట్టుకతోనే అంతట. చాలా అరుదట.

"తల ఎనుకకు ఏస్తే గొట్టానికి జర సందు దొరుకుతది, పెద్దమ్మా. ఎవ్వరు చెప్పకుంటనే నేర్చుకున్నడు" అన్నాడు డాక్టరు.

దిండు సంగతి నేను చెప్పలేదు. కూతురు నా వైపు చూసింది, తనూ చెప్పలేదు. భూపాలపల్లి గనిలో పనిచేసే అల్లుడు వచ్చి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ రెండు పాయల్లో చిన్నదాన్ని కోసి గొట్టాన్ని విడిపించారు. అయినా చప్పుడు ఒక్కరోజులో పోలేదు. నొక్కుకుపోయిన గొట్టం గట్టిపడేదాకా ఓపిక పట్టమన్నారు. నెలల తరబడి ఆ చప్పుడు వింటూనే బతికాము.

ఇప్పుడు పాకుతున్నాడు. మొన్న వాడు నిద్రపోతుంటే పక్కింటి అక్క వచ్చింది.

"తల ఎనుక సొట్టపోయింది గదనే. దిండు పెట్టకపోతివా?"

"సొట్టనే మంచిగుంది, అక్కా."

ఆమె వంగి వాడి తల సర్దబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.