అంచు చీలిన రొట్టె

నంద్యాలలో ఆ హోటలు తలుపు మీద బిస్ట్రో అని రాసి ఉంటుంది. ఊళ్లో ఎవరూ ఆ మాట అనరు, బోర్డు హోటలు అంటారు. లోపల గోడకు ఒక నల్లబోర్డు. ఆ రోజు ఏం వండారో, ఆ సరుకు ఏ ఊరి నుంచి వచ్చిందో దాని మీద సుద్దముక్కతో రాస్తారు. కొర్రన్నం, కొలిమిగుండ్ల. తేనె, ఆత్మకూరు. జొన్నరొట్టె, ఆళ్లగడ్డ. యజమానురాలు బళ్లో పాఠాలు చెప్పి మానేసిన మనిషి, చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాకే తలుపు తీస్తుంది.

బోర్డు మీది జొన్నలు ఆళ్లగడ్డలో మా పక్కింటి రైతువి. అతని నల్లరేగడి చేను గురించి, ఆ హోటలు గురించి పేపర్లో రాసింది నేనే. ఆ కృతజ్ఞతతో ఆమె ఒక ఆదివారం మా ఇద్దరినీ భోజనానికి పిలిచింది. బస్టాండులో అతను రెండుసార్లు వెనక్కి తగ్గాడు. "నాకు పనుంది అన్నా, నువ్వు పొయిరా" అన్నాడు. నేను వినలేదు.

అంతకు మూడు వారాల ముందు అతని వాకిట్లో ఆటోలోంచి సంచులు దించడం చూశాను. సంచుల మీద అచ్చు అక్షరాలున్నాయి. సొంత చేలో పండిన జొన్నకు అంగడి సంచులెందుకని అడగాల్సింది. అడగలేదు. వార్త రాసేశాక దాని మీద ప్రశ్నలు వేసుకోవడం మా వృత్తిలో ఎవరికీ ఇష్టముండదు.

రొట్టెలు వచ్చాయి. అంచు పొడుగునా పగుళ్లు. తుంచబోతే పొడిపొడిగా రాలింది. అతను కొర్రన్నం, పప్పు తింటున్నాడు గానీ రొట్టె జోలికి పోలేదు.

యజమానురాలు వచ్చి నిలబడింది. "రొట్టె ఎట్లుంది సారూ?"

బాగుందన్నాను.

"బాగలేదు, నాకు తెలుసు. మూడు వారాలుగా ప్లేట్లలో మిగిలిపోతాంది." వంటగది వైపు తిరిగి పిలిచింది. "అవ్వా, ఒకసారి ఇట్ల రా."

రొట్టెలు తట్టే అవ్వ పిండి చేతులతోనే వచ్చింది. బక్కపలచటి మనిషి, డెబ్భై దాటి ఉంటాయి.

"వేణ్నీళ్లు సరిగ్గా కాగనిస్తాండావా?"

"పెండ్లయినప్పట్నుంచి కాగబెడ్తాండా. నా చెయ్యి మారలే, పిండి మారింది."

"పిండెట్ల మారుతాది? జొన్నలు అన్న చేన్నుంచే వస్తాండాయ్. అన్న ఈడనే కూచోనుండాడు, అడుగు."

అవ్వ అడగలేదు. అతని వైపు చూసింది.

"నీకు వయసయింది అవ్వా" అంది యజమానురాలు, గొంతు తగ్గించి. "రేపట్నుంచి రొట్టెలకు ఇంకొకామెను రమ్మన్యా. నువ్వు ఇంటికాడ రెస్ట్ తీసుకో."

"రెస్టా? నాకేం రోగం?"

అవ్వ చేతికంటిన పిండిని గోటితో గీకుతోంది. అతను గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దించాడు. నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "పోదాం పా అన్నా, బస్సుంది."

"బస్సు ఇంకోటి ఉంది" అన్నాను. లేవలేదు.

అతను నన్ను కోపంగా చూశాడు. ఆ చూపు తప్పించుకోవాలనిపించింది గానీ తప్పించుకోలేదు. అవ్వ వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది.

"అవ్వది తప్పు గాదమ్మా" అన్నాడు. "అవి మా చేనివి గాదు."

"యాడివి?"

"అంగట్లో తెచ్చినా. యాడ పండినాయో నాకూ తెలీదు. మా గాదెలోకి వాననీళ్లు దిగినాయ్. ఒక్క గింజ పనికి రాలే."

"ఆ మాట నాకు చెప్పొచ్చు గదా."

"ఎట్ల చెప్పల్ల? నువ్వు బోర్డు మీద రాస్తివి, ఈ అన్న పేపర్లో ఏసె. మన జొన్నలు నంద్యాల్లో తింటాండారంట గదా అని ఊరంతా అడుగుతాండారు. లేవని ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

ఆమె బోర్డు దగ్గరికి పోయి రొట్టె ఉన్న వరుసను గుడ్డతో తుడిచేసింది. రొట్టె కోసం కూర్చున్న కుటుంబానికి ఈ పూట లేదని చెప్పింది.

"పిసికిన పిండిని ఏం జెయ్యల్ల?" అంది అవ్వ.

"మనమే తిందాం. పో, పొయ్యి మీద నీళ్లు ఇంకిపోతాంటాయ్. రేపు బేగా రా."

"రెస్ట్ అంటివే" అంటూ అవ్వ లోపలికి పోయింది.

యజమానురాలు తిరిగి మా బల్ల దగ్గరికి వచ్చింది. "పంట ఎప్పుడొస్తాది?"

"మాఘంలో."

"ఈసారి గింజలు తేవద్దు. కోసిన కంకులు కోసినట్లే తీసుకరా. పెరట్లో నా కండ్లముందర కొట్టు."

అతను తల ఎత్తాడు. "నమ్మకనా?"

"నమ్మకనే."

అతను లేచి పోతాడనుకున్నాను. నేనూ చెప్పు కాలికి తగిలించుకున్నాను. అతను పెరటి తలుపులోంచి బయటికి, గోడ దాకా ఒకసారి చూశాడు.

"కంకులంటే ట్రాక్టరు నిండుతాది" అన్నాడు. "ఈ పెరడు సాలదు."

"ముందర రోడ్డుంది" అంది ఆమె.